టాల్ అనాలా, హై అనాలా? ‘ఎత్తు’ను ఇంగ్లీషులో సరిగ్గా చెప్పే పద్ధతి

చీనాబ్ రైలు వంతెన 2025 జూన్ 6న ప్రారంభమైన రోజుల్లో ఎక్కడ విన్నా ఒకటే మాట: ‘ఈఫిల్ టవర్ కంటే ఎత్తు!’ తెలుగులో ఆ వాక్యానికి వంక పెట్టలేం. వంతెన మీది పట్టాలు నది అడుగు నుంచి 359 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఈఫిల్ టవర్ నేల నుంచి కొసదాకా 330 మీటర్లు. లెక్క సరిపోయింది. అదే సంగతి ఇంగ్లీషులో రాయాలంటే మాత్రం కలం కాస్త ఆగాలి. టవర్ ‘టాల్’. వంతెన ‘హై’. ఎందుకంటే ఆ 359 మీటర్లూ నిలబడిన ఉక్కు కాదు, కింద చాలావరకు గాలే. అటూ ఇటూ ఉన్న కొండవాలుల మీద ఆర్చి కాళ్లు ఆనుకుని ఉంటే, పట్టాలు లోయ మీదుగా పోతున్నాయి. (ఆ వాలులు జారకుండా చూసే పనిలో ఏళ్ల తరబడి ఉన్న ప్రొఫెసర్ మాధవీలత మన ప్రకాశం జిల్లావారే.)

ఫ్రాన్స్‌లో మియో అనే చోట ఇంకో వంతెన ఉంది, 2004లో తెరిచారు. దాని స్తంభం నేల నుంచి కొసదాకా దాదాపు 340 మీటర్లు. కానీ కార్లు వెళ్లే రోడ్డు మాత్రం నది నుంచి 270 మీటర్ల దగ్గరే ఉంది. దాన్ని ‘టాల్’ వంతెనల జాబితాలో చూస్తారు. చీనాబ్‌ను ‘హై’ వంతెనల జాబితాలో చూస్తారు. ఇంజినీర్లు ఈ రెండు జాబితాలనూ వేరువేరుగా ఉంచుతారు. మనం రెండిటినీ కలిపి ‘ఎత్తైన వంతెనలు’ అనేస్తాం.

తెలుగువాళ్లకు ఇక్కడ కాలు జారడానికి కారణాలు రెండు. మొదటిది అందరికీ తెలిసిందే: మనిషికీ, చెట్టుకీ, కొండకీ, అటక మీది డబ్బాకీ అన్నిటికీ మన దగ్గర ‘ఎత్తు’ అనే ఒక్క మాట సరిపోతుంది. రెండోదాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. ఇంగ్లీషులో కూడా నామవాచకం ఒక్కటే, ‘హైట్’. మనిషి హైట్, గోడ హైట్, విమానం ఎగిరే హైట్, అన్నీ హైటే. ఆ హైట్ పుట్టింది ‘హై’ నుంచి. అందుకే ‘హైట్ ఉన్నవాడు కాబట్టి హై’ అని బుర్ర దానంతటదే లెక్క కట్టేస్తుంది. తర్కం బాగానే ఉంది, వాక్యం మాత్రం తప్పు. పైగా ‘హి ఈజ్ హై’ అంటే వాడు మత్తులో ఉన్నాడని అర్థం. ఇంటర్వ్యూలో తమ్ముడి గురించి చెప్తూ అనాల్సిన మాట కాదది.

కింద చెప్పే అడుగులు వరసగా వేస్తే నూటికి తొంభై సందర్భాల్లో సందేహం తీరిపోతుంది. మిగిలినవాటిని అలవాటు చేసుకోవాలి, వాటి సంగతి చివర్లో చెప్తాను.

మొదటి అడుగు: ఇంగ్లీషు జోలికి వెళ్లకముందు తెలుగు వాక్యాన్ని వినండి

మన భాష ‘ఎత్తు’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటుందన్న మాట నిజమే. కానీ దాని చివర తగిలించే ముక్కలో తేడా చూపిస్తుంది. స్తంభం ‘ఎత్తుగా’ ఉంది అంటాం. దాని మీది బల్బు ‘ఎత్తులో’ ఉంది అంటాం. గాలిపటం ‘అంత ఎత్తున’ ఎగురుతోంది అంటాం. గాలిపటం ‘ఎత్తుగా ఉంది’ అని ఎవరూ అనరు, అంటే వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఈ తేడా మనకు చిన్నప్పటి నుంచీ చెవిలో ఉంది. దాన్ని వాడుకోవడమే ఈ అడుగు.

వాక్యంలో ‘ఎత్తులో’, ‘ఎత్తున’, ‘పైన’ వస్తే ఇంగ్లీషులో ‘హై’. ఇక్కడ రెండో ఆలోచన అక్కర్లేదు. ‘ఎత్తుగా’ వస్తే టాల్ అయ్యే అవకాశం ఎక్కువ, కానీ ఖాయం కాదు, తర్వాతి అడుగులకు వెళ్లాలి.

‘పొడుగు’ వచ్చిందంటే హై అనేది పూర్తిగా పక్కకు పోతుంది. అప్పుడు పోటీ టాల్‌కీ లాంగ్‌కీ మధ్యే. నిలబడి ఉన్నదైతే టాల్, పడుకుని ఉన్నదో వేలాడేదో అయితే లాంగ్. పొడుగు మనిషి టాల్, పొడుగు జడ లాంగ్, పొడుగు తాడు లాంగ్. కరెంటు స్తంభం నిలబడి ఉన్నంతసేపూ టాల్, గాలివానకు రోడ్డుకు అడ్డంగా పడితే అదే స్తంభం లాంగ్. వస్తువు మారలేదు, భంగిమ మారింది, విశేషణం కూడా మారింది. ‘హి ఈజ్ ఎ లాంగ్ మ్యాన్’ అనే వాక్యం పుట్టేది ఈ పొడుగు దగ్గరే.

‘ఎక్కువ’ అనే మాట వస్తే ఆరో అడుగుకు దూకండి.

రెండో అడుగు: కుర్చీ ఎక్కించి చూడండి

ఈ వ్యాసంలో ఒక్క పరీక్షే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. ఒక పిల్ల కుర్చీ ఎక్కి నిలబడింది. ఇప్పుడు ఆ పిల్ల తల ఇంతకుముందుకంటే పైకి వెళ్లింది. పిల్ల పొడుగు పెరిగిందా? లేదు. టాల్ అనేది ఒంటిలో ఉన్న కొలత, అరికాలి నుంచి నడినెత్తి దాకా. వస్తువును ఎక్కడికి తీసుకెళ్లినా అది మారదు. హై అనేది చోటును చెప్పే కొలత, బయటి నుంచి ఏదో ఒక మట్టాన్ని తీసుకుని కొలిచేది. చోటు మారితే అదీ మారుతుంది.

కాబట్టి మీరు చెప్పదలచుకున్న వస్తువును మనసులో పట్టుకుని పైకి లేపండి. మీరు చెప్తున్న కొలత అలా లేపితే మారిందా? మారితే హై. మారకపోతే టాల్ వైపు మొగ్గు.

కిటికీతో ఈ పరీక్ష బాగా తెలుస్తుంది. ‘టాల్ విండో’ అంటే కింది చట్రం నుంచి పై చట్రం దాకా నిడివి ఎక్కువగా ఉన్న కిటికీ. పాత బంగళాల్లో దాదాపు తలుపంత ఉంటాయే, అవి. ‘హై విండో’ అంటే గోడకు బాగా పైన, చేతికి అందని చోట పెట్టిన కిటికీ. అది జానెడే ఉండొచ్చు, బాత్‌రూముల్లో పెట్టే చిన్న వెంటిలేటరు కూడా హై విండోనే. ఇంటి ప్లానులో ఒకటి రాయబోయి ఇంకొకటి రాస్తే మేస్త్రీ వేరే ఇల్లు కడతాడు. బీరువా, షెల్ఫ్ సంగతీ అంతే: టాల్ షెల్ఫ్ అంటే నిలువుగా పొడుగ్గా ఉన్న అల్మారా, హై షెల్ఫ్ అంటే నిచ్చెన వేస్తేగాని అందని అటక లాంటి అర.

విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం ఇంకో మంచి ఉదాహరణ. విగ్రహం 125 అడుగులు. దాని కింద పీఠం 81 అడుగులు. మొత్తం కలిపితే 206. ఇంగ్లీషు వార్తల్లో ఈ రెండు అంకెలూ కనిపిస్తాయి, చదివేవాళ్లకు ఏది నిజమో అర్థం కాదు. రెండూ నిజమే. విగ్రహం 125 అడుగుల ‘టాల్’, ఆ తల నేల నుంచి 206 అడుగుల ‘హై’. పీఠం ఇక్కడ ఆ పిల్ల ఎక్కిన కుర్చీ. పీఠంతో సహా మొత్తం కట్టడాన్ని ఒకే వస్తువుగా లెక్కిస్తే 206 అడుగుల టాల్ అన్నా తప్పు కాదు, కానీ అప్పుడు ‘విగ్రహం’ అనకుండా ‘కట్టడం’ అనాలి. అనువాదం చేసేటప్పుడు చాలామంది జారేది అంకె దగ్గర కాదు, ఈ కర్త దగ్గర.

బాస్కెట్‌బాల్ కోర్టులోనూ ఇదే కనిపిస్తుంది. ఆటగాడు టాల్. రింగు నేల నుంచి 10 అడుగుల హై. రింగును ఎవరూ టాల్ అనరు, దాని ఒంట్లో నిలువు లేదు, ఉన్నది చోటే.

విమానం రెండు రకాలుగానూ వస్తుంది. ఎయిర్‌బస్ ఎ380 రన్‌వే మీద నిలబడితే తోక కొసదాకా దాదాపు 24 మీటర్ల టాల్. అదే విమానం గాల్లో ముప్పై అయిదు వేల అడుగుల హై. ‘హౌ టాల్ ఈజ్ ద ప్లేన్’ అనేది హ్యాంగర్ కట్టేవాడు అడిగే ప్రశ్న, ‘హౌ హై ఈజ్ ద ప్లేన్’ అనేది ప్రయాణికుడు అడిగే ప్రశ్న.

మూడో అడుగు: నిలువెంత, అడ్డమెంత?

కుర్చీ పరీక్షలో నెగ్గిన ప్రతిదీ టాల్ కాదు. గోడను చూడండి. దాని కొలత దాని ఒంట్లోదే, ఎక్కడికి తీసుకెళ్లినా మారదు. అయినా ఇంగ్లీషువాళ్లు ఎక్కువగా ‘హై వాల్’ అంటారు. ఎందుకంటే గోడ నిలువు కంటే అడ్డం ఎక్కువ. టాల్ అనేది నిలువు బాగా కొట్టొచ్చినట్టు కనిపించే వస్తువులకు, అడ్డంతో పోలిస్తే సన్నగా పైకి సాగినవాటికి వస్తుంది: మనిషి, తాటిచెట్టు, ఫ్యాక్టరీ పొగగొట్టం, ధ్వజస్తంభం, మినారు, నిచ్చెన, లస్సీ గ్లాసు. జిరాఫీ టాల్. నీటిఏనుగు ఎంత పెద్దదైనా దాన్ని టాల్ అనాలనిపించదు.

అడ్డంగా పరుచుకుని పైకి లేచినవి హై వైపు పోతాయి: గోడ, కంచె, నది గట్టు, కొండ, కొండచరియ. డ్యాముల సంగతి కూడా అంతే. ఈజిప్టులో నైలు నది మీద 1970లో పూర్తయిన డ్యాము పేరే ‘అస్వాన్ హై డ్యామ్’. దానికి దిగువన ముందునుంచీ ఒక పాత డ్యాము ఉంది, దాన్ని ‘లో డ్యామ్’ అంటారు కాబట్టి ఇది హై అయింది.

కొండల దగ్గర కాస్త ఆగాలి, ఇక్కడ ఇంగ్లీషువాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో ‘టాల్ మౌంటెన్’ అనేవాళ్లు చాలామంది. భూగోళం పుస్తకాల్లో ‘హై’ ఎక్కువ. కారణం తేలికే: కొండ ఎత్తును మనం కొండ మొదట్లోంచి కొలవం, సముద్రమట్టం నుంచి కొలుస్తాం. ఎవరెస్టు 8,848.86 మీటర్లు అని నేపాల్, చైనా కలిసి 2020 డిసెంబరులో ప్రకటించిన అంకె సముద్రమట్టం నుంచి లెక్క కట్టినదే. అందులో టిబెట్ పీఠభూమి ఎత్తు కూడా కలిసిపోయింది, కొండ కూడా కుర్చీ ఎక్కి నిలబడిందన్నమాట. హవాయిలో మౌనా కియా అనే అగ్నిపర్వతం ఉంది. సముద్రమట్టం నుంచి చూస్తే 4,207 మీటర్లే, ఎవరెస్టులో సగం కూడా లేదు. కానీ దాని మొదలు సముద్రం అడుగున ఉంది. అక్కణ్ణుంచి కొలిస్తే పది వేల మీటర్లు దాటుతుంది. అందుకే క్విజ్ పోటీల్లో ‘హయ్యెస్ట్ మౌంటెన్ ఏది’ అంటే ఎవరెస్టు, ‘టాలెస్ట్ మౌంటెన్ ఏది’ అంటే మౌనా కియా. తెలుగులో అడిగితే రెండూ ఒకే ప్రశ్న అయిపోయి గొడవలు జరుగుతాయి. తెలుగులో ఈ ప్రశ్న తయారుచేసేవాళ్లు ‘సముద్రమట్టం నుంచి’, ‘మొదలు నుంచి’ అని విడమరిచి చెప్పడం మంచిది.

భవనాలు ఈ రెండిటి మధ్యా ఉన్నాయి. మాటల్లో అయితే ‘టాల్ బిల్డింగ్’ అనడమే సహజం. దుబాయ్ బుర్జ్ ఖలీఫా 828 మీటర్ల టాల్. భవనాల రంగంలో 300 మీటర్లు దాటితే ‘సూపర్‌టాల్’, 600 దాటితే ‘మెగాటాల్’ అని పేర్లు పెట్టుకున్నారు. ప్రభుత్వ నిబంధనల్లోకి, అగ్నిమాపక శాఖ కాగితాల్లోకి వస్తే మాత్రం అదే భవనం ‘హైరైజ్’. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో వచ్చిన భవన నిబంధనల్లో 18 మీటర్లు, ఆపైన ఉన్నదాన్ని హైరైజ్ అన్నారు. ‘టాల్‌రైజ్’ అనే మాట లేదు. ఎత్తు తక్కువ ఉన్నది ‘లోరైజ్’.

నాలుగో అడుగు: వ్యతిరేకపదం పెట్టి చూడండి

ఇది చిన్న అడుగు. టాల్‌కు ఎదురు ‘షార్ట్’, హైకి ఎదురు ‘లో’. ఏది వాడాలో తోచకపోతే వాక్యాన్ని తిరగేయండి. పొట్టి మనిషిని ‘లో మ్యాన్’ అనం, షార్ట్ అంటాం, కాబట్టి పొడుగు మనిషి టాల్. గది పైకప్పు కిందికి ఉంటే ‘లో సీలింగ్’ అంటాం, కాబట్టి పైకి ఉంటే హై సీలింగ్. చాలాసార్లు వ్యతిరేకపదం చెవికి ముందే తెలిసి ఉంటుంది, అసలు పదమే గుర్తురాదు.

భవనాల దగ్గర ఈ పరీక్ష తప్పుతుంది. ‘టాల్ బిల్డింగ్’కు ఎదురు చాలామంది ‘లో బిల్డింగ్’ అనే అంటారు. ఒక్క పరీక్షనే నమ్ముకోవద్దనేది అందుకే.

అయిదో అడుగు: కొలతను వాక్యంలో పెట్టడం

సరైన మాట ఎంచుకున్నాక కూడా వాక్యం చెడిపోయేది ఇక్కడే. మన దగ్గర బాగా వినిపించే రూపం ‘హి ఈజ్ సిక్స్ ఫీట్ హైట్’. ‘అతను ఆరడుగుల ఎత్తు’ అనే తెలుగు వాక్యం దిగబడిపోయింది. దీన్ని మూడు రకాలుగా బాగుచేయొచ్చు: ‘హి ఈజ్ సిక్స్ ఫీట్ టాల్’, లేదా ‘హిజ్ హైట్ ఈజ్ సిక్స్ ఫీట్’, లేదా ఏ విశేషణమూ లేకుండా ‘హి ఈజ్ సిక్స్ ఫీట్’. హైట్ అనే మాట వాడితే ‘హిజ్’ రావాలి, ‘హి ఈజ్’ వాడితే టాల్ రావాలి. రెండిటినీ కలపకూడదు. ‘హి ఈజ్ హ్యావింగ్ గుడ్ హైట్’ కూడా మన దగ్గరే పుట్టిన వాక్యం. ‘హి ఈజ్ క్వైట్ టాల్’ అంటే సరిపోతుంది.

కొలత పేరు ముందుకు వస్తే బహువచనం పోతుంది. వాక్యం చివర ‘సిక్స్ ఫీట్ టాల్’, మనిషికి ముందు ‘ఎ సిక్స్-ఫుట్-టాల్ మ్యాన్’. ఫీట్ కాదు, ఫుట్. ‘టెన్-మీటర్-హై వాల్’ కూడా ఇంతే, ‘మీటర్స్’ అనరు. పోలిక మాత్రం తెలుగు వరసలోనే వస్తుంది: ‘నాకంటే రెండంగుళాలు పొడుగు’ అన్నట్టే ‘టూ ఇంచెస్ టాలర్’ అని, కొలత ముందు, విశేషణం తర్వాత.

ఈ సందర్భంలోనే పెళ్లిసంబంధాల బయోడేటాల గురించి ఒక మాట. అయిదడుగుల ఆరంగుళాలను 5.6 అని రాయడం మనకు అలవాటు. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. విదేశంలో ఫారం నింపేటప్పుడు అలా రాస్తే దశాంశమే అనుకుంటారు. 5.6 అడుగులంటే అయిదడుగుల ఏడంగుళాలకు కాస్త పైనే. అయిదడుగుల పదంగుళాలవాడు 5.10 అని రాస్తే అది లెక్కల్లో 5.1కి సమానం, మనిషి ఒక్కసారిగా కుంచించుకుపోతాడు. అడుగులు, అంగుళాలు విడివిడిగా రాయండి, లేదా సెంటీమీటర్లలో చెప్పండి.

ఇంకో వ్యాకరణ సంగతి. హై క్రియకు కూడా తోడవుతుంది: ‘ఫ్లై హై’, ‘జంప్ హై’, ‘ఎయిమ్ హై’. దాని చివర ‘లీ’ తగిలించి ‘ద బర్డ్ ఫ్లూ హైలీ’ అనకూడదు. ‘హైలీ’ అంటే ఎత్తుగా అని కాదు, ‘బాగా’, ‘ఎంతో’ అని: ‘హైలీ ఎడ్యుకేటెడ్’. టాల్ ఇలా క్రియ పక్కన దాదాపు రాదు, ‘స్టాండ్ టాల్’, ‘వాక్ టాల్’ లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప. హైజంప్‌లో 1993లో క్యూబా ఆటగాడు హవియేర్ సొటొమయోర్ 2.45 మీటర్ల బార్ దాటాడు. అతను టాల్, బార్ హై, దూకింది కూడా హై.

ఆరో అడుగు: కొలబద్ద కనిపించని ఎత్తులు

ఇక్కడినుంచి టాల్‌కు పెద్దగా పని లేదు, రాజ్యమంతా హైదే. ధర, జ్వరం, బీపీ, వేగం, మార్కులు, వడ్డీ, ఆశలు, ప్రమాణాలు, పై అధికారుల హోదా, అన్నీ హై. తెలుగులో వీటికి ‘ఎత్తు’ వాడం, చాలావాటికి ‘ఎక్కువ’ అంటాం. అందుకే ‘ఎక్కువ’ కనిపించగానే హై తట్టాలి. కానీ ప్రతి ‘ఎక్కువ’కూ హై పెట్టేయకూడదు. మీటరు మీద ముల్లులా పైకీ కిందికీ జరిగేదైతేనే హై. లెక్కపెట్టేవాటికీ, కుప్పపోసేవాటికీ వేరే మాటలున్నాయి. ఎక్కువ జనం ‘లార్జ్ క్రౌడ్’, ‘హై క్రౌడ్’ కాదు. వాన ‘హెవీ’, రోడ్డు మీద ట్రాఫిక్ ‘హెవీ’. జనాభా ‘లార్జ్’, జనసాంద్రత మాత్రం ‘హై’, ఎందుకంటే సాంద్రత చదరపు కిలోమీటరుకు ఇంతమంది అని చెప్పే ఒక రేటు. రేటు, శాతం, సగటు, మట్టం అనే నాలుగు మాటల్లో ఏదో ఒకటి వెనక దాగి ఉంటే హైని ధైర్యంగా వాడొచ్చు.

ధర దగ్గర ఇంకో గుంట ఉంది. ధర హై, వస్తువు కాస్ట్లీ. ‘ద రేట్ ఈజ్ వెరీ కాస్ట్లీ’ అంటే ధరకే ధర పెట్టినట్టు. ఉష్ణోగ్రత ‘హై’, ఎండ ‘హాట్’. ‘హాట్ టెంపరేచర్’ అనే మాట ఇంగ్లీషువాళ్ల నోటా వినిపిస్తుంది గాని, రాతలో హై అనడమే మేలు.

గొంతు సంగతి ప్రత్యేకం. ‘హై వాయిస్’ అంటే గట్టిగా మాట్లాడటం కాదు, సన్నగా పైస్థాయిలో మాట్లాడటం, కీచుగొంతు. గట్టిగా అంటే ‘లౌడ్’. తెలుగులో ‘గొంతు పెంచాడు’ అంటాం కాబట్టి ‘హై’ అనబుద్ధవుతుంది, అనకండి.

సముద్రం గురించి కూడా. హైదరాబాద్‌లో ఉన్న ఇంకాయిస్ (సముద్ర సమాచార సేవల కేంద్రం) పెద్ద అలల గురించి తీరప్రాంత మత్స్యకారులకు పంపే హెచ్చరికలను ‘హై వేవ్ అలర్ట్’ అంటారు. పోటు ‘హై టైడ్’. పోటు దగ్గర చెప్తున్నది నీటిమట్టం గురించి, అల దగ్గర చెప్తున్నది అల ఎత్తు గురించి.

ఏడో అడుగు: టాల్ వెటకారం

కొలతను వదిలేస్తే టాల్ వచ్చేది కొద్ది చోట్లే, వచ్చినచోటల్లా కాస్త అపనమ్మకం అంటుకుని వస్తుంది. ‘టాల్ క్లెయిమ్’ అంటే బడాయి. ‘టాల్ స్టోరీ’ అంటే కోతలు. ‘టాల్ ఆర్డర్’ అంటే తలకు మించిన పని. వీటిలో హై పెట్టకూడదు. మన ఇంగ్లీషు పత్రికల్లో ‘టాల్ లీడర్’ అనే ప్రయోగం మాత్రం మెచ్చుకోలుగా వస్తుంది, మహానాయకుడు అనే అర్థంలో. ఇది భారతీయ ఇంగ్లీషుకు అలవాటైన మాట. లండన్‌లో ఈ మాట అంటే ఆ నాయకుడు ఆరున్నర అడుగులుంటాడేమోననుకునే ప్రమాదం ఉంది.

విచిత్రమేమిటంటే, షేక్‌స్పియర్ కాలంలో ‘టాల్ ఫెలో’ అంటే ధైర్యవంతుడు అని కూడా అర్థం. నిలువెత్తు అనే అర్థం ఈ మాటకు మొదటినుంచీ లేదు, తర్వాత వచ్చి స్థిరపడింది. కాఫీ షాపుల్లో ఇంకో వింత: స్టార్‌బక్స్‌లో ‘టాల్’ అంటే 12 ఔన్సుల కప్పు, దానికంటే ‘గ్రాండే’ పెద్దది. టాల్ అడిగి పెద్ద గ్లాసు కోసం ఎదురుచూడకండి.

ఎనిమిదో అడుగు: పద్ధతికి లొంగనివి

‘నిన్ను ఇంత ఉన్నప్పటి నుంచి ఎరుగుదును’ అని పెద్దవాళ్లు అరచెయ్యి నేలకు అడ్డంగా చాపి చూపిస్తారు కదా, ఇంగ్లీషులో ఆ ‘ఇంత’ను ‘దిస్ హై’ అనొచ్చు. పిల్లవాడి గురించే అయినా హై వస్తుంది, చెయ్యి చూపించేది ఒక మట్టాన్ని కాబట్టి. ‘నీ-హై’, ‘వెయిస్ట్-హై’ కూడా ఇలాంటివే, మోకాలి మట్టం, నడుము మట్టం. గుర్రం జీవమున్నదే అయినా దాని ఎత్తును ‘హ్యాండ్స్ హై’ అని కొలుస్తారు, ఒక హ్యాండ్ అంటే నాలుగంగుళాలు. మడమ చెప్పులు రెండంగుళాలున్నా ‘హై హీల్స్’. పసిపిల్లల భోజనం కుర్చీ ‘హైచెయిర్’. పైకి సాగిన నుదురు ‘హై ఫోర్‌హెడ్’. వీటికి కారణాలు వెతుక్కోవచ్చు గానీ, మాటను మాటగా గుర్తుపెట్టుకోవడమే తేలిక.

ఇప్పుడు మీరే చేసి చూడండి

కింది వాటిని మనసులో ఇంగ్లీషు చేసి, తర్వాత జవాబు చదవండి.

తాటిచెట్టు, దానికి కట్టిన కల్లుకుండ. చెట్టు టాల్, కుండ హై. చెట్టు ఎత్తుగా ఉంది, కుండ ఎత్తులో ఉంది.

ఏనుగు మెడ మీద కూర్చున్న మావటి ఊరేగింపులో అందరికంటే పైన కనిపిస్తున్నాడు. ‘హైయర్’ అనాలి, ‘టాలర్’ కాదు. ఏనుగు దిగితే తేలిపోతుంది.

ఇంటిచుట్టూ ప్రహరీ. హై. నిలువు కంటే అడ్డం ఎక్కువ. ‘టాల్’ అన్నా అర్థమవుతుంది, ‘హై’ నప్పుతుంది.

‘మా అబ్బాయికి ఎక్కువ మార్కులొచ్చాయి.’ హై మార్క్స్. మార్కులకు పైకీ కిందికీ జరిగే మెట్లున్నాయి.

‘మా వీధిలో కుక్కలు ఎక్కువ.’ మెనీ, లేదా ‘ఎ లాట్ ఆఫ్’. కుక్కలను లెక్కపెట్టొచ్చు, మీటరు మీద చూడలేం.

‘మీ అబ్బాయి ఎంత ఎత్తున్నాడు?’ అని పెళ్లిచూపుల్లో అడిగితే ‘హౌ టాల్’. అదే అబ్బాయి మామిడిచెట్టు ఎక్కి కూర్చున్నప్పుడు కిందనుంచి కంగారుగా అడిగితే ‘హౌ హై’.

అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఊరికి నిలువు లేదు కాబట్టి టాల్ ఎలాగూ రాదు. ‘అరకు ఈజ్ హై’ అని ఊరుకుంటే వాక్యం వెలితిగా ఉంటుంది, ఊరు మత్తులో ఉందని నవ్వేవాళ్లూ ఉంటారు. ‘హై అప్ ఇన్ ద హిల్స్’ అనాలి. అంకెతో చెప్పేటప్పుడు రెండు విశేషణాలనూ వదిలేసి ‘నైన్ హండ్రెడ్ మీటర్స్ ఎబవ్ సీ లెవెల్’ అనడం అన్నిటికంటే శుభ్రమైన దారి.